ఒఱ వేరు, ఒరపిడి వేరు

మాది హోసూరు వైపు. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. అందుకే ఈ చిన్న సంగతి నాకు తమిళ అక్షరాల వల్ల తెలిసింది.

కత్తి తొడుగును మనం 'ఒర' అంటాం. కన్నడంలో 'ఒరె', తమిళంలో 'ఉరై'. ఒకదానికొకటి రాసుకుంటే 'ఒరుసుకోవడం', 'ఒరపిడి' అంటాం. తమిళంలో 'ఉరసు'. చెవికి రెండూ ఒకే వేరు నుంచి వచ్చినట్టుంటాయి, కానీ కావు. పాత తెలుగులో తొడుగు 'ఒఱ', బండి ఱ తో. రాసుకోవడం 'ఒరయు', మామూలు ర తో. మన రాతలో బండి ఱ పోయాక తేడా కనబడకుండా పోయింది. తమిళ రాతలో ఇప్పటికీ అవి రెండక్షరాలే.

మాటలు వేరైనా, కత్తికి మాత్రం ఒరలోనే ఒరపిడి మొదలవుతుంది. మా తాత మొలకు తోలు ఒర కట్టుకుని తోటకు పోయేవాడు. "వాదర తోలుకు తగలనీకు రా, వీపు ఆనించి తియ్యి" అనేవాడు. వాదర అంటే పదునున్న అంచు. తోలు మెత్తనే, దాన్లో చేరిన ఇసుక మెత్తన కాదు. తీసినప్పుడూ పెట్టినప్పుడూ అంచు ఆ ఇసుక మీద గీసుకుంటుంది.

కట్టుకునే తీరును బట్టి కూడా పదును పోతుంది. ఒర వదులైతే అడుగడుక్కీ కత్తి లోపల ఊగుతుంది. మొన కిందికి వేలాడితే ఒర అడుగును పొడిచి మొద్దుబారుతుంది. నడుముకు అడ్డంగా, వాదర కిందికి పెట్టుకుంటే బరువంతా దాని మీదే. వాదర పైకి ఉంటే ఆ బరువు వీపు మోస్తుంది. జపాన్ వాళ్ళ కటానాను నడికట్టులో అట్లే, వాదర పైకి దోపుకుంటారు. మన పక్కనే కొడగులో ఒడికత్తికి అసలు ఒరే లేదు. వెనక నడుముకు కట్టిన ఇత్తడి తొడంగులో దోపుకుంటారు. ముందు దోపుకునే పీచెకత్తికి మాత్రం ఒర ఉంది.

ఇంకోటి: తోలు చెమ్మ పీలుస్తుంది. రాత్రంతా ఒరలోనే ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది, సన్నటి అంచే ముందు పోతుంది. తాత ఇంటికి రాగానే కత్తి తీసి, తుడిచి, నూనె రాసి గూట్లో పెట్టేవాడు. ఒరను విడిగా తగిలించేవాడు.

ఇప్పుడు మా పిల్లలకు 'అంచు' తెలుసు, 'వాదర' తెలీదు. మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళు ఏమంటారు? అడిగి రాయండి.