మాంత్రికుడి గడ్డం వెనక

అచ్చంపేట బస్టాండు ముందటి చాయ్ హోటల్‌లో మొన్న ఓ పిల్లగాడు ఫోన్‌లో ‘పాతాళ భైరవి’ ముక్క పెట్టుకుని చూస్తున్నాడు. ఎస్వీ రంగారావు నోట ‘డింభకా’ అన్న పిలుపు వినపడగానే పక్క బల్ల మీది పెద్దమనుషులు కూడా ఇటు తిరిగారు. “కాకా, ఆ గుహ మన ఉమామహేశ్వరం దిక్కు తీసిందేనంట గదా?” అన్నాడు వాడు. కాదురా అంటే నమ్మలేదు. అక్కడ మొదలైన ముచ్చట రెండో చాయ్ దాకా సాగింది. ఒక్క సినిమా మీద ఇన్ని అపోహలా అనిపించింది.

ముందు ఆ గుహ సంగతి తేలుద్దాం. నల్లమల అంచున కొండచరియ కింద గుడి, రాతి సందుల్లోంచి ఊరే నీళ్లు చూసి పెరిగినవాడికి ఆ అనుమానం రావడంలో తప్పులేదు. కానీ పాతాళ భైరవి గుహ మద్రాసు వాహినీ స్టూడియోలో పుట్టింది. కళా దర్శకత్వం గోఖలే, కళాధర్‌లది. కెమెరా మార్కస్ బార్‌ట్లేది. ఆయన వెలుగునీడలు పడ్డాక సెట్టు నిజం రాయిలా కనబడిందంటే మెచ్చుకోవాల్సింది వాళ్లని, మన కొండల్ని కాదు.

రెండోది: తెలుగులో తొలి సూపర్‌హీరో సినిమా 2024 సంక్రాంతికి వచ్చిన ‘హనుమాన్’ అని. కాదు. 1980లోనే వి.మధుసూదనరావు దర్శకత్వంలో ఎన్టీఆర్ ‘సూపర్‌మాన్’గా కనిపించారు. నన్నడిగితే ఇంకా వెనక్కి, 1951 మార్చి 15న విడుదలైన ‘పాతాళ భైరవి’ దాకా పోవాలంటాను. తోటమాలి కొడుకు తోట రాముడికి కోరిందల్లా ఇచ్చే ప్రతిమ దొరుకుతుంది. ‘హనుమాన్’లో అంజనాద్రి కుర్రాడికి మణి దొరుకుతుంది. రెండు చోట్లా ఆ శక్తి కోసం ఏళ్ల తరబడి తిప్పలు పడేవాడు వేరే ఉన్నాడు: ఇక్కడ నేపాళ మాంత్రికుడు, అక్కడ వినయ్ రాయ్ వేసిన మైకేల్. హీరోకి కాలికి తగిలేదాని కోసం విలన్ లోకమంతా గాలిస్తాడు. అందుకే కథను లాక్కుపోయేది విలనే. మాంత్రికుడు ఉజ్జయినికి రాకపోతే తోట రాముడు తోటలోనే ఉండిపోయేవాడు.

‘పాతాళ భైరవి’ అల్లాఉద్దీన్ కథకు కాపీ అనే మాట కూడా వింటుంటాం. ఆ ఛాయ లేదనను. కానీ మధిర సుబ్బన్న దీక్షితుల కాశీ మజిలీ కథల బాణీ కూడా అందులో ఉంది. రెంటినీ కలిపి మన నుడికారంలో తిరగరాసింది పింగళి నాగేంద్రరావు. బలి ఇవ్వబోయినవాడే బలైపోవడం చూస్తే అరేబియా దీపం కన్నా మన కథలు చెప్పే అవ్వలే ముందు గుర్తుకొస్తారు.

ఇక మాంత్రికుడి వేషం వేసిన రంగారావు గురించి. అంత నిండుగా కనబడేసరికి ఆయనకు అప్పటికే యాభై దాటాయనుకుంటారు. ఆయన పుట్టింది 1918 జూలై 3న, నూజివీడులో. అంటే సినిమా విడుదలనాటికి ముప్పై రెండేళ్లు. హీరో ఎన్టీఆర్ కన్నా అయిదేళ్లు కూడా పెద్ద కాదు! ఇదే ఆయన మొదటి సినిమా అన్నదీ తప్పే. ‘వరూధిని’తో మొదలుపెట్టారు, అది ఆడలేదు. సినిమాలు వదిలి జంషెడ్‌పూర్ వెళ్లి టాటా కంపెనీలో ఉద్యోగం చేసుకున్నారు. మళ్లీ వచ్చాక విజయా వారి ‘షావుకారు’లో సున్నం రంగడిగా కనబడి, ఆ సంస్థ రెండో సినిమాలో మాంత్రికుడయ్యారు. అంతకుముందే కాకినాడ నాటకాల్లో షేక్‌స్పియర్ పాత్రలు వేసిన అనుభవం ఉంది.

అన్నిటికన్నా పెద్ద అపోహ, గడ్డం, గొంతు చూసి జనం జడుసుకున్నారని. గడ్డాలు, గొంతులు చాలామందికి ఉన్నాయి. తోట రాముణ్ని బలికి తీసుకుపోయే ఘట్టాలు నిదానంగా చూడండి. అరుపు తక్కువ, లాలన ఎక్కువ. అంగట్లో మేకను కొన్నవాడు దాని వెన్ను నిమురుతాడే, అలాంటి ప్రేమ. కళ్లు మాత్రం ఎప్పుడెప్పుడా అని లెక్క వేస్తుంటాయి. పెదవుల మీద నవ్వు ఉంటుంది, అది కళ్ల దాకా ఎక్కదు. సినిమా చివర రాకుమారి కోసం గడ్డం తీయించుకోవడానికి ఒప్పుకునేవాడూ ఈ మాంత్రికుడే. ఆ ముచ్చటపడే ముఖం చూసి నవ్వొస్తుంది, కాస్త జాలీ వేస్తుంది. ఒక్క పాత్రలో భయం, నవ్వు, జాలి మూడూ ఇమడాలంటే గడ్డం సరిపోదు.

విలన్‌గా మెప్పించాలంటే నటుడు ఆ చీకట్లో మునిగిపోవాలనే నమ్మకం ఈ మధ్య బాగా బలపడింది. దానికి కారణం ‘డార్క్ నైట్’ జోకర్. హీత్ లెడ్జర్‌ను ఆ పాత్రే చంపిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. 2008 జనవరి 22న, ఇరవై ఎనిమిదేళ్లకే ఆయన చనిపోయింది డాక్టర్లు రాసే మందులు రకరకాలవి కలిసి, ప్రమాదవశాత్తూ. జోకర్ షూటింగ్ అప్పటికే ముగిసి, ఇంకో సినిమాలో నటిస్తున్నారు. మరుసటి ఏడాది వచ్చిన ఆస్కార్ ఆయన పనికి దక్కింది, చావుకు కాదు. మన రంగారావునే చూడండి. మాంత్రికుడి మరుసటి ఏడాదే ‘పెళ్లి చేసి చూడు’లో నవ్వించే జమీందారు, తర్వాత ‘బంగారు పాప’లో మనసు కరిగే కోటయ్య, 1957లో పిల్లలు ముద్దు చేసే ఘటోత్కచుడు. పొద్దున వేసిన మేకప్ సాయంత్రం కడుక్కోవడం తెలిసిన నటుడాయన.

జకార్తా చిత్రోత్సవంలో ఆయనకు ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది కూడా ఈ సినిమాకు కాదు, ‘నర్తనశాల’ కీచకుడికి. ‘పాతాళ భైరవి’కి దక్కిన గౌరవం వేరు: 1952లో బొంబాయిలో జరిగిన దేశపు తొలి అంతర్జాతీయ చలనచిత్రోత్సవంలో దక్షిణాది నుంచి చూపించిన సినిమా ఇదొక్కటే.

చాయ్ హోటల్ పిల్లగాడికి చెప్పిందే మీకూ చెప్తున్నా. ఈసారి చూసేటప్పుడు ఓ పది నిమిషాలు సౌండు పూర్తిగా తీసేసి, రంగారావు కళ్లు మాత్రమే చూడండి.