ఆటపట్టించడమా... ఏడిపించడమా?

స్నూకర్ అనే మాటకి అర్థమేమిటో ఎప్పుడైనా ఆలోచించారా? ఆకుపచ్చ గుడ్డ పరిచిన పెద్ద బల్ల, దానిమీద రంగురంగుల బంతులు, పొడవాటి కర్ర పట్టుకుని వంగి గురిచూసే మనుషులు... అదేగా మన కళ్లముందు మెదిలేది! నిజానికి అది మొదట ఆట పేరే కాదు. ఇంగ్లండులోని ఊలిచ్ సైనిక అకాడమీలో కొత్తగా చేరిన కుర్రాళ్లని చులకనగా పిలిచే పేరు. 1875లో మన జబల్‌పూర్‌లో ఉన్న నెవిల్ చాంబర్లేన్ అనే కుర్ర అధికారి (తర్వాత బ్రిటన్ ప్రధాని అయిన చాంబర్లేన్ వేరు, ఈయన వేరు) ఒకరోజు తోటి ఆటగాడు తేలికైన బంతిని కూడా వేయలేకపోతే స్నూకర్ అని వెక్కిరించాడట. అవతలి మనిషి మొహం చిన్నబోయేసరికి, ఈ కొత్త ఆటకి మనమందరం స్నూకర్లమేలే అని సర్దిచెప్పాడట. చాలా ఏళ్ల తర్వాత ఆయనే చెప్పిన సంగతి ఇది. ఆ పేరు ఆటకి అతుక్కుపోయింది. ఆ తర్వాత ఊటీ క్లబ్బులో నియమాలు కూడా రాసుకున్నారు.

అంటే ఇప్పటి భాషలో చెప్పాలంటే ఒక ర్యాగింగ్ మాట ఆట పేరై ప్రపంచమంతా తిరుగుతోందన్నమాట!

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, మా ఇంట్లో స్నూకర్ చూసే గుంపు ఒకటుంది. మా తమ్ముడు, పై అంతస్తులో ఉండే రిటైర్డు లెక్చరర్‌గారు, కాలేజీలో చదివే ఆయన మనవడు... నాలుగోదాన్ని నేను. ఆడవాళ్లకి ఈ ఆట ఏం అర్థమవుతుంది అనుకునేవాళ్లకి ఒకటే జవాబు: క్యారమ్స్ ఆడిన చేతికి ఇది అర్థం కావడానికి అరగంట చాలు. ఎర్ర బంతులు 15, ఒక్కోదానికి 1 పాయింటు. ఎర్రది వేశాక రంగు బంతి వేయాలి. పసుపుకి 2 నుంచి మొదలై నలుపుకి 7 దాకా. ఒక్క గురీ తప్పకుండా ప్రతి ఎర్రబంతి తర్వాతా నల్లబంతే వేస్తూ బల్లంతా ఖాళీ చేస్తే మొత్తం 147. అది చూస్తుంటే పొయ్యిమీద పాలు పొంగిపోయినా తెలీదు! పెద్ద ఆటగాళ్లు మన గడ్డమీదికీ వచ్చారు. ఇండియన్ ఓపెన్ పోటీలు 2016లో హైదరాబాదులో, 2017లో విశాఖపట్నంలో జరిగాయి.

సరే, అసలు విషయానికొస్తాను. ఈమధ్య మా గుంపులో చర్చ షాన్ మర్ఫీ బడి రోజులమీదికి మళ్లింది.

మర్ఫీ ఇంగ్లండు ఆటగాడు. 1982లో పుట్టాడు. పెరిగింది నార్తాంప్టన్‌షైర్‌లో ఒక చిన్న ఊళ్లో. బడిలో తోటి పిల్లలు వేధించడం వల్ల పదమూడు, పద్నాలుగేళ్ల వయసులోనే బడి మానేసి ఇంటిదగ్గర చదువుకోవాల్సి వచ్చింది. 1998లో, పదిహేనేళ్లకే ప్రొఫెషనల్ ఆటగాడయ్యాడు. 2005లో షెఫీల్డు నగరంలోని క్రూసిబుల్ థియేటర్లో జరిగే ప్రపంచ పోటీకి అర్హత పోటీలు ఆడి మరీ వచ్చాడు. అప్పటికి ర్యాంకు 48. పందేలు కాసేవాళ్లు ఒకటికి నూటయాభై ఇస్తామన్న మనిషి. జాన్ హిగిన్స్, స్టీవ్ డేవిస్, పీటర్ ఎబ్డన్... ముగ్గురు మాజీ చాంపియన్లని వరసగా ఓడించి ఫైనల్‌కి చేరాడు. అక్కడ మాథ్యూ స్టీవెన్స్ మొదటిరోజు ముగిసేసరికి 10-6తో ముందున్నాడు. మర్నాడు మర్ఫీ పుంజుకుని 18-16తో గెలిచాడు. వయసు 22. అర్హత పోటీల్లోంచి వచ్చి కప్పు గెలవడం అంతకుముందు ఒక్కసారే జరిగింది, 1979లో టెర్రీ గ్రిఫిత్స్‌కి.

ఈ కథ విని లెక్చరర్‌గారు తొడ చరిచారు. "చూశావామ్మా! ఆ పిల్లలు ఏడిపించబట్టే వాడిలో కసి పుట్టింది. లేకపోతే ఏ గుమస్తాగానో మిగిలిపోయేవాడు" అన్నారు. వాళ్ల మనవడు వెంటనే, "అయితే తాతయ్యా, వాళ్లకి కూడా కప్పులో వాటా ఇవ్వాలా?" అన్నాడు. నేను మనసులోనే చప్పట్లు కొట్టాను!

### కసి మాట పక్కన పెడితే...

లెక్చరర్‌గారనే కాదు, ఇలాంటి మాట చాలామంది నోట వింటాం. "అవమానాలు పడితేనే పైకొస్తారు", "రాటుదేలతారు". గెలిచినవాడి కథని వెనకనుంచి చదివితే అన్నీ మెట్లలాగే కనిపిస్తాయి మరి. కానీ అదే బడిలో అదే బాధపడి, చేతిలో ఏ కర్రా లేక, మాట్లాడటమే మానేసిన పిల్లల సంగతి? వాళ్ల గురించి టీవీలో ఎవరూ చెప్పరు. వాళ్లని ఎవరూ ఇంటర్వ్యూ చేయరు. వందమందిలో ఒకడు ఒడ్డుకి చేరితే వరద మంచిదే అంటామా?

మా తమ్ముడి వాదన వేరు. "అసలు బడి మాన్పించడమే తప్పు. పారిపోవడం నేర్పినట్టు కాదూ?" అంటాడు. దీనిమీద ఆ రాత్రి పెద్ద గొడవే అయింది. నేను ఒప్పుకోలేదు. మన బిడ్డ కాలికింద నిప్పు ఉంటే ముందు బిడ్డని పక్కకి లాగుతామా, నిప్పు ఎవరు పోశారో విచారణ చేస్తామా? మర్ఫీ కథలో నాకు నచ్చింది కప్పు కాదు. ఇంట్లో చదువు ఏర్పాటు చేశారే, అది. అంటే ఆ పిల్లాడి మాట పెద్దవాళ్లు నమ్మారన్నమాట. "అందరూ పడతార్లే" అని ఊరుకోలేదు. ఇంగ్లండులో చట్టం కూడా ఆ వెసులుబాటు ఇస్తుంది. పిల్లలకి చదువు చెప్పించి తీరాలి గానీ అది బడిలోనే జరగాలన్న నిర్బంధం లేదు.

మన భాషలోనే చూడండి, ఎంత చిత్రమో! చేసినవాణ్ని అడిగితే "ఊరికే ఆటపట్టించాను" అంటాడు. పడ్డవాణ్ని అడిగితే "నన్ను ఏడిపించారు" అంటాడు. జరిగింది ఒకటే. మాటలు రెండు. ఎవరి మాట మన చెవికెక్కుతుందన్నదే ప్రశ్న. మామూలుగా గట్టిగా నవ్వేవాడి మాటే ఎక్కుతుంది.

మర్ఫీని ఏడిపించడం బడితోనే అయిపోయిందా అంటే, లేదు. మనిషి భారీగా ఉండేవాడు. ఆటగాడి గురి గురించి మాట్లాడాల్సినవాళ్లు అతని నడుము కొలత గురించి మాట్లాడేవాళ్లు. 2022లో బరువు తగ్గడానికి పొట్టకి ఆపరేషన్ చేయించుకున్నానని తానే బయటికి చెప్పుకున్నాడు. ప్రపంచ, యూకే, మాస్టర్స్ అనే మూడు పెద్ద కప్పులూ గెలిచినవాడికే ఆ మాటలు తప్పలేదు. 2025 జనవరిలో, 42 ఏళ్ల వయసులో, లండన్‌లో జరిగిన మాస్టర్స్‌లో సెమీఫైనల్లో 147 కొట్టి, ఫైనల్లో కైరెన్ విల్సన్‌ని 10-7తో ఓడించి పదేళ్ల తర్వాత మళ్లీ ఆ కప్పెత్తాడు. అయినా ఇప్పటికీ అతని పేరెత్తితే మొదట శరీరం గురించి ఒక జోకు వేసేవాళ్లున్నారు. బడిలో పిల్లలు చేసింది దుర్మార్గం అనేవాళ్లే, సోఫాలో కూచుని అదే పని చేస్తుంటే ఏమనాలి? స్నూకర్ అభిమానుల్నే అనడం లేదు. పెళ్లిళ్లలో, ఫంక్షన్లలో మనం చేసేదేమిటి? "ఏవమ్మా, బాగా ఒళ్లు చేశావే!" అనేది మన పలకరింపు కాదూ?

### గిన్నెలో అలాగే ఉండిపోయిన అన్నం

మొన్నటి సెలవుల్లో మా ఆడపడుచు, ఆమె కూతురు మా ఇంట్లోనే ఉన్నారు. పిల్ల ఎనిమిదో తరగతి. కాస్త బొద్దుగా ఉంటుంది. బొమ్మలు బాగా గీస్తుంది. ఆ సాయంత్రం ఫోన్లో ఏదో పాత మ్యాచ్ పెట్టుకుని చూస్తున్నాం. లెక్చరర్‌గారు నవ్వుతూ, "ఆ పొట్ట బల్లకి అడ్డం రాదూ?" అన్నారు. ఆయన మంచివారే. మనసులో ఏమీ ఉండదు. అందరూ నవ్వారు. పిల్ల మాత్రం లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

నేను వెనకాలే వెళ్లాను. ఫ్రిజ్ దగ్గర నిలబడి మంచినీళ్లు తాగుతోంది. గ్లాసు ఎప్పుడో ఖాళీ అయిపోయింది, ఇంకా తాగుతూనే ఉంది. "ఏం నాన్నా?" అన్నాను. "ఏం లేదత్తయ్యా" అంది. కాసేపాగి, "మా క్లాసులో నన్ను డ్రమ్ము అంటారు. నేను నడుస్తుంటే బెంచీలమీద దరువేస్తారు" అంది.

ఎన్నాళ్లనుంచీ అంటే, ఏడో తరగతి నుంచట! మధ్యాహ్నం బాక్సు తెరిస్తే చుట్టూ చేరి లెక్కపెడతారట, ఎన్ని ముద్దలు తింటుందోనని. అందుకని తినడమే మానేసింది. అన్నం బాక్సులో అలాగే ఇంటికొచ్చేది. వాళ్లమ్మేమో కూర నచ్చలేదేమోనని రోజుకో కూర మార్చి వండేది. పాపం ఆవిడ బెండకాయ వేపుడు చేసేదట, దొండకాయ చేసేదట, చివరికి పులిహోర కూడా కలిపిచ్చేదట. గిన్నె గిన్నెగానే తిరిగొచ్చేది.

రాత్రి పిల్ల పడుకున్నాక వదినకి చెప్పాను. ముందు కోపమొచ్చింది, పిల్లమీదే! "నాతో ఎందుకు చెప్పలేదూ?" అని. తర్వాత ఏడ్చింది. తెల్లారి వాళ్లాయనతో ఫోన్లో మాట్లాడితే, "ఈమాత్రానికే బెంబేలెత్తితే రేపు అత్తారింట్లో ఎలా నెగ్గుకొస్తుంది?" అన్నారట. ఇదిగో, ఆడపిల్ల విషయంలో ఈ మాట ఒకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మగపిల్లాడికి రాటుదేలడం, ఆడపిల్లకి సర్దుకుపోవడం!

బడి తెరిచాక వదిన వెళ్లి క్లాసు టీచర్ని కలిసింది. టీచరు చెప్పింది ఒకటే మాట: "పిల్లలన్నాక ఆటపట్టించుకుంటారండీ. మీ అమ్మాయిని కాస్త వ్యాయామం చేయించండి." ఆ టీచరూ చెడ్డావిడేం కాదు, క్లాసులో అరవైమంది. కానీ చూశారా, దరువేసినవాళ్లకి శిక్ష లేదు. దరువు పడినవాళ్లకి వ్యాయామం.

కాలేజీల్లో జరిగే ర్యాగింగ్ మీద మనకి 1997లోనే ఆంధ్రప్రదేశ్ చట్టం వచ్చింది. ఎగతాళి చేసి అవమానించడం కూడా దానికింద నేరమే. విద్యాహక్కు చట్టం (2009) 17వ సెక్షన్ పిల్లల్ని కొట్టడంతోపాటు మానసికంగా హింసించడాన్ని కూడా నిషేధించింది. ఆపదలో ఉన్న పిల్లలకోసం 1098 నంబరుంది. బడి మారక తప్పదనుకుంటే మారొచ్చు. ఏ బడీ కుదరని పరిస్థితి వస్తే, పద్నాలుగేళ్లు నిండిన పిల్లలు ఓపెన్ స్కూలు ద్వారా పదో తరగతి రాయొచ్చు. ఇవన్నీ నేను వదినకి కాగితంమీద రాసిచ్చాను. అయితే మొదట చేయాల్సింది వీటిలో ఏదీ కాదు. ఎవరు, ఎప్పుడు, ఏమన్నారు అన్నది తేదీలతో సహా పిల్ల చేత ఒక నోటుబుక్కులో రాయించమన్నాను. నోటిమాటగా చెబితే "పిల్లలన్నాక" అని కొట్టిపారేస్తారు. తేదీలేసిన కాగితం బల్లమీద పెడితే అంత తేలిగ్గా కొట్టిపారేయలేరు. దరఖాస్తుకి రెండు కాపీలు తీసి, ఒకదానిమీద అందినట్టు సంతకం తీసుకోమని కూడా చెప్పాను.

పిల్ల రాసింది. నాలుగు పేజీలొచ్చాయి. వాళ్లాయన వాటిని చదివారట. అత్తారింటి మాట మళ్లీ ఎత్తలేదట.

సంగతి తెలిశాక లెక్చరర్‌గారు మాత్రం రెండ్రోజులు మా ఇంటికి రాలేదు. మూడోనాడు వచ్చి, పిల్ల గీసిన బొమ్మలున్నాయా అని అడిగి, ఒక్కొక్కటే తీసి చాలాసేపు చూశారు. "మర్ఫీగాడి బొమ్మ గీస్తావటమ్మా?" అని ఫోన్లో అడిగించారు. గీస్తానంది గానీ, "కర్ర పట్టుకున్న చెయ్యి సరిగ్గా కుదరడం లేదు తాతగారూ" అంటోందట.

హెడ్‌మిస్ట్రెస్ సోమవారం పదిన్నరకి రమ్మన్నారు. ఈసారి వదినతోపాటు వాళ్లాయన కూడా సెలవు పెట్టి వెళ్తున్నారు.