కత్తికి పదును వచ్చు విధము

పదును అను మాట మన రైతునకు రెండు విధముల తెలియును. వాన వెలసిన పిమ్మట దుక్కికి అనువైన తేమ నిలిచిన నేల పదునులో నున్నదందురు. చక్కగా తెగు కత్తిని పదునైన కత్తి యందురు. తడి ఎక్కువైనను, తక్కువైనను దుక్కి సాగదు. ఉక్కు సంగతియు అట్టిదే. అచట తడికి మారుగా వేడిమి. చేతితో కత్తి చేయ నేర్చుకొనువారు మొదట గ్రహింపవలసినది ఇదియేనని మా తలంపు.

క్రొత్తగా కొలిమి యెదుట నిలిచినవాని చూపు సుత్తిమీదనే యుండును. నూరు కంసాలి దెబ్బలకు ఒక కమ్మరి దెబ్బ సాటి యను సామెతను మనము వినియే యున్నాము. కాని దెబ్బ కత్తికి రూపమునిచ్చును. గుణము నిచ్చునది నిప్పు.

ముందుగా ఉక్కును ఎన్నుకొనవలెను. మెత్తని ఇనుమును ఎంత కాచి ముంచినను గట్టిపడదు. కత్తికి తగిన కాఠిన్యము వచ్చుటకు అందులో చాలినంత కర్బనము కలిసి యుండవలెను. లారీ కమాను పట్టీలలో కర్బనము సుమారు నూటికి 0.6 వంతు ఉండును. అందువలననే పల్లె కమ్మరులు పాత పట్టీలతో కత్తులు, కొడవళ్లు చేయుదురు. పగుళ్లు లేని పట్టీని ఏరుకొన్నచో అభ్యాసమునకు అది చాలును.

కొలిమిలో ఉక్కు మొదట మసక ఎరుపు, పిదప దానిమ్మ గింజ ఎరుపు, ఆపైన నారింజ, పసుపు రంగులు దాల్చును. నారింజ రంగున నున్నపుడు దాగలిపై నుంచి సాగగొట్టవలెను. రంగు మసకబారగానే సుత్తి నాపి, మరల కొలిమిలో పెట్టవలెను. చల్లారినదానిని కొట్టినచో పగులును. తెల్లనై నిప్పురవ్వలు చిమ్మినచో ఉక్కు మాడినదని అర్థము. ఆ భాగమును నరికివేయుటయే గతి. ఈ రంగులు ఎండలో సరిగా కానరావు. కొలిమి ఎల్లప్పుడు నీడపట్టున ఉండుటకు ఇదియు ఒక కారణము.

అంచును పలుచన చేయుకొలది అది సాగి, కత్తి వెన్నువైపునకు వంగును. అనుభవము గలవాడు పట్టీని ముందే అంచువైపునకు కొంచెము వంచి యుంచుకొనును. అంచు సాగగా కత్తి తానే తిన్నబడును. అంచును అప్పుడే పలుచగా దింపరాదు. రూపాయి నాణెమంత మందము విడువవలెను. లేనిచో తరువాతి మెట్టున వంకర పోవును.

ఆ మెట్టే ఉక్కును గట్టిపరచుట. సుమారు 770 సెంటీగ్రేడు డిగ్రీల వద్ద ఉక్కు అయస్కాంతమునకు అంటుట మానును. క్రొత్తవానికి ఇది మంచి గురుతు. అటుపై మరికొంచెము కాచి, గోరువెచ్చని నూనెలో నిలువుగా దింపవలెను. కమాను ఉక్కును నీట ముంచినచో బీటలు వారవచ్చును. నూనె భగ్గుమనుట కలదు గావున ఇనుప పాత్రయు, దానికి మూతయు సిద్ధముగా ఉండవలెను. వేడిలో ఇనుమునందు కరగిన కర్బనము, హఠాత్తుగా చల్లబడినపుడు వెలికి వచ్చుటకు వ్యవధి లేక లోపలనే చిక్కుపడును. కాఠిన్యమునకు మూల మిదియే. ఆకురాయితో గీయగా అది పట్టక జారినచో పని నెరవేరినట్లే.

మొదటి కత్తిని ఈ దశలో విరిచి చూచుట మేలు. గుడ్డ చుట్టి, కన్నులకు అద్దములు పెట్టుకొని విరువవలెను. విరిగిన చోట పట్టువలె నున్నని బూడిదవన్నె కనబడినచో వేడిమి తగినంత ఉన్నది. పంచదార పలుకులవలె ముతకగా నున్నచో ఎక్కువైనది.

ఇట్లు గట్టిపడిన కత్తి గాజువంటిది. చేజారి పడినను విరుగవచ్చును. కనుక దానిని తళతళలాడునట్లు రుద్ది, వెన్నువైపునుండి మెల్లగా కాచవలెను. సుమారు 220 డిగ్రీల వద్ద లేత గడ్డిరంగు, 255 వద్ద గోధుమవన్నె, 275 వద్ద ఊదా, 300 వద్ద నీలము పొడసూపును. మంగలికత్తికి లేత గడ్డిరంగు, వంటింటి కత్తికి ముదురు గడ్డిరంగు, మొద్దులు నరకు కత్తికి ఊదా తగును. కోరిన రంగు అంచునకు చేరిన క్షణమున నీట ముంచవలెను. సాన పట్టుట, పిడి బిగించుట ఆ పిమ్మటి పనులు.

ఈ అంకెలను కాగితముపై వ్రాయవచ్చును. రంగును గుర్తించు చూపు మాత్రము పనివాని ప్రక్కన నిలిచినగాని అలవడదు. ఆ వరుస తెగినచో ఏమగునో తెలంగాణమే చెప్పును. నిజామాబాదు జిల్లా కోనసముద్రములో మూసలలో కాచిన ఉక్కును పారసీక వర్తకులు వచ్చి కొనిపోయెడివారు. వాయిసీ అను ఆంగ్లేయుడు ఆ పనిని గూర్చి వ్రాసిన వర్ణన 1832లో అచ్చయినది. కమ్మరి కుమారుడైన మైకేల్ ఫారడే 1819లోనే భారతీయ ఉక్కును పరీక్షించి ఫలితములను ప్రకటించెను. కొలుములు చల్లారినవి. పరిశోధకులు మూసల ముక్కలను, చిట్టెమును పరిశీలించి, ఒకప్పుడు అచటి పనివారు కంటితో ఎరిగినదానిని కూడబలుకుకొనవలసి వచ్చినది.

కనుక కత్తి చేయ నేర్వ గోరువారికి మా సలహా ఒక్కటే. సుత్తి కొనుటకు ముందు, మీ ప్రాంతమున కొలిమి ఇంకను వెలుగుచున్నచో అచటికి పోయి, కమ్మరి అనుమతితో నాలుగు పూటలు ప్రక్కన నిలిచి రంగులు చూడుడు.