ఫెర్మీ తలము - బాహ్య పరిస్థితుల ప్రభావము

ఫెర్మీ తలమను పేరు వినగానే లోహపు ముక్కపై మెఱుగు తలపునకు వచ్చును. అందుచేతనే దీనిని ఉపరితలమని తెనిగించుట ఉచితము కాదు. ఇది కంటికి గానవచ్చునది గాదు. లోహములోని ఎలక్ట్రానుల ద్రవ్యవేగములను గుర్తించి గీసిన పటములోని పొలిమేర. ఒక్కొక్క స్థితిలో రెండింటికి మించి ఎలక్ట్రానులు నిలువవు. కావున అవి అల్పశక్తి స్థితులనుండి వరుసగా నింపుకొనుచు పోవును. నిండిన స్థితులకును ఖాళీ స్థితులకును నడుమ నున్న హద్దునకే, 1926లో ఎన్రికో ఫెర్మీ యేర్పరచిన గణనవిధానమును బట్టి, ఈ పేరు వచ్చినది.

లోహమును కాచినచో ఈ హద్దు చెదరునా? రాగి విషయమున చెదరదనియే చెప్పవలెను. రాగిలో ఫెర్మీ శక్తి దాదాపు 7 ఎలక్ట్రాను వోల్టులు. గది వేడిమి ఎలక్ట్రానునకు ఈయగల శక్తి అందులో సుమారు మూడువందలవ వంతు మాత్రమే. హద్దు కొంచెము మసకబారునే గాని ఆకారము మారదు.

పీడనము తీరు వేరు. స్ఫటికము కుంచించుకొనినపుడు పరమాణువుల నడిమి దూరము తగ్గి, ద్రవ్యవేగ పటము విస్తరించును. ఎలక్ట్రానుల సంఖ్య మారదు గనుక తలము లోపలి ఘనపరిమాణము పటముతోపాటే పెరుగును. ఆకారమునకు మాత్రము అట్టి కట్టుబాటు లేదు. రాగి తలము గోళము వంటిదైనను, ఎనిమిది దిక్కులకు మెడలు సాచి పటపు టంచులను ముట్టుచున్నదని 1957లో పిప్పార్డు కనుగొనెను. కొన్ని లోహములలో ఇట్టి మెడ తెగుటయో, క్రొత్త తునక పుట్టుటయో పీడనముచే సంభవింపవచ్చునని 1960లో ఇల్యా లిఫ్షిట్సు చూపెను.

సామాన్యపు అయస్కాంత క్షేత్రము తలమును మార్చుటకంటె బయటపెట్టుటయే యెక్కువ. 1930లో లైడెన్ నగరమున డి హాస్, వాన్ ఆల్ఫెన్ అనువారు బిస్మత్ లోహమును మిక్కిలి చల్లార్చి క్షేత్రబలమును మార్చుచు పోగా, దాని అయస్కాంతత్వము అలలవలె హెచ్చుచు తగ్గుచుండెను. క్షేత్రబలపు విలోమములో ఆ యలల ఎడమును కొలిచి, తలపు గరిష్ఠ కనిష్ఠ అడ్డుకోతల వైశాల్యమును లెక్కింపవచ్చునని 1952లో ఆన్సాగర్ నిరూపించెను. క్షేత్రపు దిక్కును త్రిప్పుచు మరల మరల కొలుచుట, చీకటిలో కుండను తడిమి దాని రూపును గ్రహించుట వంటిది.

వేడిమికి తలము లొంగదను మాటకు క్రోమియము ఎదురు సాక్ష్యము. దాని ఫెర్మీ తలములోని రెండు భాగములలో ఒకదానిని జరిపినచో రెండవదానితో చాలవరకు సరిపోవును. అందుచే సుమారు 38 డిగ్రీల సెంటీగ్రేడునకు దిగువ ఎలక్ట్రానుల స్పిన్నులు అలవలె వరుసతీరి, ఆ సరిపోయిన మేరలు చాలవరకు మాయమగును. 1962లో లోమర్ ఈ వివరణము నిచ్చెను. అంతకు మించి వేడెక్కినచో అవి మరల ఏర్పడును. బళ్లారి వేసవిలో నీడపట్టున నుంచిన శుద్ధ క్రోమియపు ముక్కకైనను ఈ మార్పు తప్పదు! పీడనమును పెంచినకొలది ఆ 38 డిగ్రీల మేర క్రిందికి దిగుచుండును.