జిన్ బట్టీ, సారా బట్టీ

జూనిపర్ కాయల పరిమళం పట్టించిన మద్యం పేరు జిన్. రుచీ వాసనా లేని స్పిరిట్‌లో జూనిపర్ కాయలు, ధనియాలు, నిమ్మజాతి పండ్ల తొక్కలు, కొన్ని వేర్లు, బెరడులు నానబెట్టి, కాచి, వచ్చిన ఆవిరిని చల్లబరిస్తే జిన్ తయారవుతుంది. విస్కీలాగా దీన్ని ఏళ్ల తరబడి చెక్క పీపాల్లో ఉంచక్కర్లేదు. పొద్దున పొయ్యి వెలిగిస్తే సాయంత్రానికి సరుకు చేతికొస్తుంది. ఊరి చివర ఒక షెడ్డులో, ఒక్క రాగి బానతో ఈ పని మొదలుపెట్టగలగడానికి కారణం అదే. గత పదిహేనేళ్లలో బ్రిటన్ పల్లెల్లో ఇలాంటి చిన్న బట్టీలు వందల సంఖ్యలో వెలిశాయి. మన దేశంలో 2017లో నావో స్పిరిట్స్ ‘గ్రేటర్ దాన్’తో, మరుసటి ఏడాది థర్డ్ ఐ డిస్టిలరీ ‘స్ట్రేంజర్ అండ్ సన్స్’తో గోవా వేదికగా ముందుకొచ్చాయి. కృష్ణా డెల్టాలో మాత్రం బట్టీ అన్న మాటకు అర్థం వేరు. లంకల్లోనో, డ్రెయిన్ గట్టు మీద తుమ్మచెట్ల చాటునో గుట్టుగా వెలిగే నాటుసారా పొయ్యి ఇక్కడి బట్టీ. అది వార్తల్లోకి ఎక్కేది ఎక్సైజ్ వాళ్లు దాడి చేసి ధ్వంసం చేసినప్పుడే. ఒకటి చూడటానికి జనం టికెట్టు కొనుక్కుని వెళ్లే చోటు, రెండోది కంటపడితే కేసయ్యే చోటు. జరిగే పని మాత్రం రెండు చోట్లా ఒకటే.

ఆ పనికి పుస్తకాల్లో స్వేదనం అని పేరు. స్వేదం అంటే చెమట. అరబ్బీలో ‘అరక్’ అన్నా చెమటే, ఇంగ్లీషు వాళ్లు సారాకు వాడిన ‘అరాక్’ అనే మాట దాన్నుంచే వచ్చింది. మరిగే కుండ మీది మూతకు చెమట పట్టినట్టు బొట్లు పేరుకోవడం చూసి రెండు భాషల వాళ్లూ ఒకే పోలిక తీసుకున్నారు. ఆల్కహాల్ 78 డిగ్రీల సెల్సియస్ దగ్గర, నీరు 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. పులిసిన ద్రవాన్ని కాస్తే ముందు లేచే ఆవిరిలో ఆల్కహాల్ పాలు ఎక్కువ. ఆ ఆవిరిని చల్లార్చి పట్టుకుంటే కల్లులో ఉండే నాలుగైదు శాతం కాస్తా ఎన్నో రెట్లు చిక్కనవుతుంది.

చిన్న జిన్ బట్టీల్లో చాలావరకు అసలు స్పిరిట్‌ను తాము తీయవు, పెద్ద కర్మాగారం నుంచి కొంటాయి. చూడవచ్చిన వాళ్లకు ఇది కాస్త నిరాశ కలిగించే సంగతే గాని, దాచాల్సింది కాదు. ఆ స్పిరిట్ మన దేశంలో ధాన్యం నుంచీ వస్తుంది, చెరకు మడ్డి నుంచీ వస్తుంది. ఈ రెండో దారి ఎలా సాగుతుందో డెల్టాలోనే చూడవచ్చు. విజయవాడ నుంచి మచిలీపట్నం వెళ్లే దారిలో ఉయ్యూరు ఉంది. 1941లో మొదలైన కేసీపీ సంస్థ చక్కెర మిల్లు అక్కడిదే, దాని పక్కనే డిస్టిలరీ. 1855లో కృష్ణకు ఆనకట్ట కట్టాక, ఆ తర్వాత 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కాలవ నీరు అందిన పొలాల్లోని చెరకు ఈ మిల్లుకు చేరుతుంది. టన్ను చెరకు ఆడితే చక్కెర తీయగా మిగిలే నల్లటి మడ్డి సుమారు 45 కిలోలు. టన్ను మడ్డిని నీళ్లు కలిపి ఈస్టుతో పులియబెడితే 220 నుంచి 250 లీటర్ల స్పిరిట్ వస్తుంది. దాన్ని ఎత్తయిన స్తంభాల్లాంటి గొట్టాల్లో, ఒకదాని మీద ఒకటిగా అమర్చిన పళ్లేల గుండా పంపిస్తారు. ఒక్కో పళ్లెం ఒక్కో చిన్న బట్టీ లెక్క. పైకి చేరేసరికి 96 శాతం స్వచ్ఛత వస్తుంది, చెరకు వాసన పూర్తిగా పోతుంది. ఈ రకం యంత్రానికి 1830లో పేటెంటు తీసుకున్న ఐర్లండ్ వాసి ఈనియస్ కాఫీ అంతకుముందు దొంగసారా పట్టుకునే ఎక్సైజ్ అధికారి.

మనకు ఇవాళ తెలిసిన జిన్ ఆ యంత్రం వచ్చాకే పుట్టింది. స్పిరిట్‌కు దుర్వాసన లేకుండా పోయాకే దానికి ఏ పరిమళం పట్టించినా నిలవడం మొదలైంది. అంతకుముందు జిన్‌లో పంచదార దండిగా కలిపేవాళ్లు, అడుగు రుచి దాచడానికి.

చిన్న బట్టీలో చూడదగ్గ పని ఇక్కడినుంచి మొదలవుతుంది. కొన్న స్పిరిట్‌లో నీళ్లు కలిపి, బల్లమీద తూచిన దినుసులు అందులో వేస్తారు. జూనిపర్ తప్పనిసరి, మిగతావి చేసేవాళ్ల ఇష్టం. జూనిపర్ మన హిమాలయాల్లో పెరుగుతుంది. ఆయుర్వేదంలో దాని పేరు హపుష, ఆ పేరుతోనే ఒక భారతీయ జిన్ వచ్చింది. రెండో ప్రధాన దినుసు తెలుగు వంటింటిదే, ధనియాలు. అతిమధురం, దాల్చినచెక్క, ఏలకులు, జాజికాయ, మిరియాలు కూడా పడతాయి. కొన్ని బట్టీల్లో వీటిని రాత్రంతా నానబెడతారు. సున్నితమైన పూలూ తొక్కలూ అయితే నానబెట్టకుండా బాన పైన జల్లెడలో పెట్టి, ఆవిరి వాటి గుండా పోయేలా చేస్తారు. బాన రాగిది కావడం అందం కోసం కాదు. పులియడంలో పుట్టే గంధకపు వాసనను రాగి లాగేసుకుంటుంది.

పొయ్యి వెలిగాక పనివాడి నేర్పంతా ధారను విడదీయడంలో ఉంటుంది. మొదటి ధార ఘాటుగా, రంగులు కలిపే థిన్నర్ వాసనతో వస్తుంది, పక్కన పెట్టేస్తారు. నడిమి ధార అసలు సరుకు. ముందు నిమ్మ తొక్కల వాసన, తర్వాత జూనిపర్, ధనియాలు, ఇంకా తర్వాత వేర్ల మట్టివాసన, ఒకదాని వెనక ఒకటి దిగుతాయి. చివరి ధార నీళ్లనీళ్లగా, ఉడికిన కూర వాసనతో ఉంటుంది, అదీ వద్దు. ఎక్కడ ఆపాలో మీటరు కొంత చెబుతుంది, ముక్కు మిగతాది చెబుతుంది. వచ్చిన దానికి నీళ్లు కలిపి బలం తగ్గిస్తారు. నీళ్లు మరీ ఎక్కువైతే ఒక్కోసారి జిన్ తెల్లగా పాలవిరుగుడులా మారుతుంది. గాఢమైన ఆల్కహాల్‌లో కరిగి ఉన్న సుగంధ తైలాలు నీటిలో కరగక బయటపడటమే కారణం. ఫినాయిలు నీళ్లలో పోస్తే తెల్లబడేది కూడా దాదాపు ఇలాగే. మన దేశంలో సీసాల మీద కనబడే 42.8 శాతం అనే వింత అంకె పాత బ్రిటిష్ లెక్క. వాళ్ల ‘ప్రూఫ్’ కొలతలో అది 75 డిగ్రీలు.

డెల్టాకు ఈ పరిమళాల వ్యవహారం కొత్తది కాదు. జిన్‌కు తాతలాంటి జెనీవర్‌ను తాగే డచ్చి వాళ్లు పదిహేడో శతాబ్దపు తొలి ఏళ్లలోనే మచిలీపట్నంలో, నిజాంపట్నంలో వర్తక కేంద్రాలు పెట్టారు. 1611లో ‘గ్లోబ్’ అనే ఓడ మీద ఇంగ్లీషు వర్తకులూ వచ్చారు. నిజాంపట్నాన్ని వాళ్లు పెటపోలి అనేవారు. 1632 సెప్టెంబరు 28న ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి ఒకరు పెటపోలిలోని మిత్రుడికి రాసిన ఉత్తరంలో ‘పంచ్’ అనే పానీయం మాట ఉంది. ఇంగ్లీషులో ఆ మాట తొలిసారి కనిపించేది అక్కడే. సారా, నీళ్లు, నిమ్మరసం, పంచదార, సుగంధ ద్రవ్యం కలిపితే పంచ్. ఐదు వస్తువులు కాబట్టి ‘పంచ’ నుంచి ఆ పేరు వచ్చిందని ఒక వాదన. ఆ వాదన నిలిచినా నిలవకపోయినా, ప్రపంచమంతా తిరిగిన ఒక పానీయం తొలి జాడ డెల్టా రేవుకు వచ్చిన ఉత్తరంలో దొరకడం ఈ ప్రాంతం గుర్తుంచుకోవాల్సిన విషయం.

నాటుసారాకు ముడిసరుకు బెల్లం. నల్లబెల్లాన్ని నీళ్లలో కరిగించి డ్రమ్ముల్లో పులియబెడతారు. దాన్నే బెల్లం ఊట అంటారు, పోలీసుల పంచనామాల్లో కనిపించే మాట అదే. ఊటను కాచి ఆవిరిని చల్లబరిచే అమరిక జిన్ బట్టీని పోలినదే. తేడా రెండు చోట్ల వస్తుంది. తొందర మీద కాచేవాడు మొదటి ధారనూ చివరి ధారనూ వదులుకోడు. అంతకంటే ప్రమాదకరమైనది కల్తీ. బెల్లం పులిసినప్పుడు మిథనాల్ నామమాత్రంగానే పుడుతుంది. ప్రాణాలు తీసే మోతాదు సాధారణంగా పరిశ్రమల్లో వాడే మిథనాల్‌ను ఘాటు కోసం, లాభం కోసం కలపడం వల్ల వస్తుంది. ఒంట్లోకి వెళ్లాక అది ఫార్మిక్ ఆమ్లంగా మారి ముందు చూపును, తర్వాత ప్రాణాన్ని తీస్తుంది. 2012 కొత్త సంవత్సరం తొలి రోజుల్లో మైలవరం ప్రాంతంలో కల్తీ సారా తాగి పదిమందికి పైగా చనిపోయారు. అలాంటివి తాగిన వాళ్లకు కళ్లు మసకబారితే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి. విరుగుడు ఉంది, ఆలస్యమైతే అది పనిచేయదు.

జిన్ కూడా ఒకప్పటి నాటుసారాయే. ఫ్రెంచి బ్రాందీని అడ్డుకోవడానికి పదిహేడో శతాబ్దం చివర ఇంగ్లండు పాలకులు ధాన్యంతో సారా తీయడాన్ని ఎవరికైనా వదిలేశారు. పంట అమ్ముడుపోతుందని భూస్వాములు సంతోషించారు. లండన్ పేదవాడల్లో ఇల్లిల్లూ జిన్ దుకాణమైంది. జూనిపర్‌కు బదులు టర్పెంటైన్, గంధకామ్లం కలిపి అమ్మారు. 1736లో భారీ పన్నుతో తెచ్చిన చట్టం దొంగవ్యాపారాన్ని పెంచింది. 1751లో చిత్రకారుడు హోగార్త్ ‘జిన్ లేన్’ అనే చిత్రాన్ని అచ్చువేశాడు. మత్తులో ఉన్న తల్లి ఒడిలోంచి బిడ్డ జారిపోతున్న దృశ్యం అది. అదే ఏడాది వచ్చిన చట్టం చిల్లర అమ్మకాలను కట్టడి చేసి, తయారీని పెద్ద చేతుల్లో పెట్టింది.

తెలుగునాట ఈ కథ మరో వరసలో నడిచింది. మద్రాసు రాష్ట్రమంతటా 1948 నాటికి మద్యనిషేధం అమలైంది, కృష్ణా జిల్లా దాని కిందే ఉంది. దానితో తాటిచెట్టెక్కే గీత కార్మికుల బతుకుతెరువు పోయింది. గౌతు లచ్చన్న వాళ్ల తరఫున ఉద్యమం నడిపారు. నిషేధం ఎత్తేయాలన్న రామమూర్తి కమిటీ సిఫారసు మీద రగడ ముదిరి, 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం ఒక్క ఓటు తేడాతో పడిపోయింది. 1960ల చివర నిషేధం సడలింది, సారా వేలంపాటలు ఖజానాకు పెద్ద ఆదాయమయ్యాయి. 1980ల్లో ‘వారుణి వాహిని’ పేరుతో ప్రభుత్వ సారా ప్యాకెట్లు పల్లెపల్లెకూ చేరాయి. చదువు రాని ఆడవాళ్లు అక్షర దీక్ష పాఠాల్లో కూర్చుని ఆ ప్యాకెట్ల గురించి మాట్లాడుకోవడంతో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా వ్యతిరేక ఉద్యమం రాజుకుంది. దానికి ముందు నిలిచిన ఆ ఊరి రోసమ్మ పేరు రాష్ట్రమంతా మారుమోగింది. 1993 అక్టోబరు 1న సారాను, 1995 జనవరి 16న మొత్తం మద్యాన్ని నిషేధించారు. మద్యం మీద నిషేధం 1997లో పోయింది, సారా మాత్రం తిరిగి చట్టంలోకి రాలేదు. కూలి డబ్బులు ఇంటికి చేరకపోవడం, దెబ్బలు తినడం ఎలా ఉంటాయో తెలిసిన ఆడవాళ్ల ఉద్యమం అది. చిన్న బట్టీల గురించి ఎంత ముచ్చటగా రాసినా ఆ కోపాన్ని తక్కువ చేసి చూపడం అన్యాయం.

చిన్న బట్టీకి చట్టంలో చోటిచ్చిన ప్రాంతాలూ ఉన్నాయి. 1,800 లీటర్లకు తక్కువ పట్టే బానకు లైసెన్సు ఇవ్వని బ్రిటన్ ఆనవాయితీ 2009లో సిప్‌స్మిత్ అనే లండన్ సంస్థ పట్టుబట్టడంతో సడలింది. అదే ఏడాది గోవా జీడిమామిడి ఫెనీకి భౌగోళిక గుర్తింపు దక్కింది. మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఆదివాసులు కాచే ఇప్పపూల సారాను వారసత్వ మద్యంగా అమ్ముకోవడానికి వీలు కల్పించింది. మూడు చోట్లా తయారుచేసేవాడి పేరు సీసా మీద ఉంటుంది, సరుకు పరీక్షకు వెళుతుంది, పన్ను కడతారు. చీకట్లో కాచిన దానికి ఈ మూడూ ఉండవు.

జిన్‌కు తప్పనిసరైన జూనిపర్ డెల్టాకు దూరమే గాని, మిగతా పరిమళాలకు ఇక్కడ కొదవ లేదు. తెనాలి నిమ్మకాయలు, పెరటి దబ్బకాయలు, దుగ్గిరాల పసుపు, కాలవగట్ల తమలపాకు తోటలు, కరివేపాకు, మెట్ట పొలాల ధనియాలు, వీటిలో ఏదైనా బానలో పడితే ఈ నేల వాసనే వస్తుంది. మడ్డి నుంచి వచ్చే స్పిరిట్‌కేమో ఇప్పుడు మరో గిరాకీ ఉంది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలిపే విధానం వచ్చాక దేశంలోని చక్కెర మిల్లుల చూపు బంకుల వైపు తిరిగింది.

ఊరి మనిషి చేతిలో చట్టబద్ధంగా మిగిలింది కల్లు. గీత సహకార సంఘాలకూ, చెట్టు పేరున ఒంటరి గీత కార్మికుడికీ లైసెన్సులు ఇస్తారు. మోకు, గీత కత్తితో తాడెక్కి దించిన లొట్టిలోని తీపి నీరు ఎండ ఎక్కేసరికి పులుస్తుంది, సాయంత్రానికి మరీ పుల్లబడుతుంది, మర్నాటికి పనికిరాదు. దాన్ని పులిసేదాకా ఉంచి అమ్ముకోవడానికే ఆ లైసెన్సు. పొయ్యి మీద పెడితే నేరం.