ఒకే ఒక్క స్థానం: యానాం ఎన్నిక తెలిపే విషయం

2024 జూన్‌లో ఐరోపాలోని శాన్ మారినో దేశంలో పార్లమెంటు ఎన్నికలు జరిగినవి. తరగతిలో ఒకనాడు ఆ ప్రస్తావన వచ్చింది. ఇటలీ మధ్యలో 61 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంలో, ఇంచుమించు ముప్ఫయి నాలుగు వేల జనాభాతో ఉన్న ఆ దేశానికి అరవై మంది సభ్యుల శాసనసభ కలదని చెప్పగానే వెనుక వరుసలోని విద్యార్థి ఒకడు లేచి, "సార్, మన సీతాఫల్‌మండి, చిలకలగూడ కలిపితే అంతమంది ఉంటారు గదా! అంత చిన్నచోట పార్లమెంటు ఎందుకు?" అని అడిగినాడు. తరగతి అంతా నవ్వింది. నేనూ నవ్వినాను గాని, ఆ ప్రశ్న నవ్వి వదిలివేయదగినది కాదు. దానికి సమాధానం చెప్పే ప్రయత్నమే ఈ వ్యాసం.

చిన్న దేశమైనంత మాత్రాన అందరి మాటా దానంతటదే చెల్లుతుందనుకోరాదు. శాన్ మారినోలో సభ్యుల ఖాళీలను శతాబ్దాలపాటు సభ తానే నింపుకొనేది. 1906 మార్చి 25న కుటుంబ పెద్దలందరూ సమావేశమై, సభ్యులను ప్రజలే ఎన్నుకోవాలని తీర్పు చెప్పినారు. లీక్టెన్‌స్టైన్ అనే మరొక చిన్న రాజ్యంలో స్త్రీలకు జాతీయ స్థాయిలో ఓటుహక్కు 1984 వరకు లభించలేదు. కావున ఎంత చిన్న సమాజంలోనైనా బలవంతుడు, బలహీనుడు ఉంటారు. వారిరువురికీ సభలో చోటు కల్పించడానికే ఎన్నికల నిబంధనలు అవసరమవుతవి.

ఈ విషయంలో అండొర్రా దేశపు పద్ధతి గమనింపదగినది. 1993 రాజ్యాంగాన్ని అనుసరించి అక్కడి సభలో 28 మంది సభ్యులు. వారిలో సగం మందిని దేశమంతటికీ కలిపి ఎన్నుకుంటారు. మిగిలిన పద్నాలుగు స్థానాలను ఏడు మండలాల వంటి విభాగాలకు, జనసంఖ్యతో నిమిత్తం లేకుండా, తలా రెండు చొప్పున పంచినారు. లీక్టెన్‌స్టైన్ సభలోని 25 స్థానాలలో పదిహేను ఎగువ ప్రాంతానికి, పది దిగువ ప్రాంతానికి కేటాయింపబడినవి. పెద్ద భాగం చిన్న భాగాన్ని మింగివేయకుండా కట్టిన గట్లు ఇవి.

ఇటువంటి దృష్టాంతం కోసం ఐరోపా దాకా పోనక్కరలేదు. మన తెలుగు నేలపైనే, గోదావరి ఒడ్డున, కాకినాడకు సమీపంలో యానాం ఉన్నది. అధికారిక లెక్కల ప్రకారం దాని విస్తీర్ణం 30 చదరపు కిలోమీటర్లు, అనగా శాన్ మారినోలో సగం. చుట్టూ ఆంధ్రప్రదేశ్. పాలన మాత్రం ఎనిమిది వందల కిలోమీటర్లకు పైబడిన దూరంలోని పుదుచ్చేరి నుండి. ఫ్రెంచివారి ఏలుబడిలో ఉండిన ఈ ఊరు 1954 జూన్ 13న విముక్తమై, ఆ సంవత్సరం నవంబరు 1న మిగిలిన ఫ్రెంచి ప్రాంతాలతోపాటు భారత ప్రభుత్వ పాలనలోనికి వచ్చింది. న్యాయసమ్మతమైన అప్పగింత 1962 ఆగస్టు 16న పూర్తి అయింది. తరువాతి సంవత్సరమే పుదుచ్చేరికి శాసనసభ ఏర్పడింది. ఎన్నికయ్యే సభ్యులు ముప్ఫయి మంది. అందులో యానాంకు ఒక్క స్థానం.

ఈ ఒక్క స్థానం న్యాయమైనదేనా? 1961లో యానాం జనాభా ఏడు వేల పైచిలుకు. పుదుచ్చేరి మొత్తం జనాభాను ముప్ఫయితో భాగిస్తే స్థానానికి పన్నెండు వేలు దాటుతుంది. ఆ లెక్కన యానాంకు ఆనాడు ఒక పూర్తి స్థానం రాదు. కాని దానిని వేరొక నియోజకవర్గంలో కలపడానికి పక్కన పుదుచ్చేరి భూమి లేదు. భాష కూడా వేరు. అందుచేత జనసంఖ్యను మించిన ప్రాతినిధ్యం దక్కింది. 2011 జనాభా లెక్కల నాటికి పరిస్థితి తారుమారైంది. సగటున స్థానానికి నలభై ఒక్క వేల చిల్లర కాగా యానాం జనాభా 55,626. స్థానం మాత్రం ఒక్కటే. ఒకనాడు వెసులుబాటుగా కనిపించినది కాలక్రమంలో న్యాయమైన వాటాకన్న తక్కువైంది.

చిన్న నియోజకవర్గంలో ఓటు విలువ ఎట్టిదో 2021 ఎన్నిక చాటింది. ముఖ్యమంత్రి పదవిని అంతకుముందే నిర్వహించిన ఎన్. రంగసామి గారు ఆ సంవత్సరం రెండుచోట్ల పోటీ చేసినారు. తట్టాంచావడిలో గెలిచినారు గాని, యానాంలో గొల్లపల్లి శ్రీనివాస్ అశోక్ అనే స్వతంత్ర అభ్యర్థి చేతిలో ఏడు వందలకు లోపు ఓట్ల తేడాతో ఓడిపోయినారు. ఆయన తిరిగి ముఖ్యమంత్రి అయినారన్నది వేరే సంగతి. మన సికింద్రాబాదు శాసనసభ స్థానంలో రెండు లక్షలకు పైగా ఓటర్లు. యానాంలో నలభై వేలకు లోపు. ఏడు వందల ఓట్లంటే అక్కడ రెండు మూడు వీధులు. అభ్యర్థి ఓటరును పేరుపెట్టి పలకరిస్తాడు. ఓటరు అభ్యర్థి తాతతండ్రులను ఎరుగును. ఈ పరిచయం వలన జవాబుదారీతనం పెరుగుతుంది. అయితే ఎవరు ఎటువైపో ఊరంతటికీ తెలిసే చోట రహస్య ఓటు మరింత అవసరమన్నది కూడ మరువరాదు.

ముప్ఫయి మంది సభలో ఒక్క సభ్యుని కదలిక ప్రభుత్వాన్ని కదల్చగలదు. 2021 ఫిబ్రవరి 22న పుదుచ్చేరిలో వి. నారాయణసామి గారి ప్రభుత్వం వరుస రాజీనామాల వలన బలం కోల్పోయి పడిపోయింది. ఆ రాజీనామాలలో యానాం సభ్యులు మల్లాడి కృష్ణారావు గారిది ఒకటి. దీనికి మరొక వైపు ఉన్నది. పుదుచ్చేరి సభకు కేంద్ర ప్రభుత్వం ముగ్గురి వరకు సభ్యులను నామినేట్ చేయవచ్చును. వారికి ఓటుహక్కు ఉన్నదని సుప్రీంకోర్టు 2018 డిసెంబరులో తీర్పు చెప్పింది. అనగా ఏ ఓటరూ ఎన్నుకోని ముగ్గురికి మూడు ఓట్లు. యాభై వేలకు మించిన యానాం ప్రజలందరికీ ఒక్కటి. ఈ తూకం గురించి విద్యార్థులు ఆలోచించాలి.

తమిళం ప్రధానంగా వినిపించే సభలో ఒక్క తెలుగు ప్రతినిధి ఏమి సాధించగలడు? యానాం సభ్యులైన కామిశెట్టి పరశురామ్ వరప్రసాదరావు నాయుడు గారు ఆ సభకు అధ్యక్షులైనారు. మల్లాడి కృష్ణారావు గారు మంత్రి అయినారు. 1965 నాటి అధికార భాషా చట్టంలో యానాంకు తెలుగు చోటు చేసుకున్నది. సంఖ్య చిన్నదైనా స్థానం నిశ్చితంగా ఉన్నప్పుడు మాట వినిపించడానికి ఆస్కారం ఉంటుంది. స్థానమే లేనప్పుడు ఎంత మంచి మాటయినా గుమ్మం బయటనే నిలిచిపోతుంది.

నా విద్యార్థి ప్రశ్నకు సమాధానం ఇదే. శాసనసభ ఉండవలసినది జనం ఎక్కువగా ఉన్నందుకు కాదు. వారిలో అందరూ ఒకే తీరు కానందుకు. పెద్ద సంఖ్యకు సభ లేకున్నా బలం ఉంటుంది. చిన్న సంఖ్యకు సభలోని ఆ ఒక్క కుర్చీయే బలం. పద్దెనిమిదేళ్లు నిండి ఓటర్ల జాబితాలో పేరు నమోదు చేయించుకోవలసిన విద్యార్థులు మన కళాశాలలో ప్రతి ఏడూ ఉంటారు. రెండు లక్షలలో నా ఓటు ఎంత అని వారు ఉపేక్షింపరాదు. యానాంలోనైనా, మన సికింద్రాబాదులోనైనా ఓటర్ల జాబితాలో ఒక మనిషికి ఒక్క వరుసే ఉంటుంది.