చెక్‌డిస్క్ వేస్తే డిస్కు కొత్తదైపోదు

“డిస్కు మొరాయిస్తోందా? విండోస్‌లో డిస్కును పరీక్షించే చెక్‌డిస్క్ కమాండ్‌కి స్లాష్ ఆర్ తగిలించి రాత్రంతా వదిలెయ్, పొద్దునకి బాగైపోతుంది.” గాండ్లపెంట నెట్ సెంటర్‌లో అడిగినా, ధర్మవరంలో జకార్డ్ మగ్గాలకు డిజైన్లు గీసేచోట అడిగినా ఈ సలహా ఎవరో ఒకరు ఇస్తారు. దీన్ని నమ్మినవాళ్లు పోగొట్టుకునేది డిస్కును కాదు, అందులోని ఏళ్ల పనిని. చీర డిజైన్లు, పెళ్లి వీడియోలు మళ్లీ కొనుక్కుంటే వచ్చేవి కావు.

డిస్కులో తప్పులు రెండు రకాలు. ఏ ఫైలు ఎక్కడుందో రాసుకున్న లెక్క చెడడం ఒకటి, డిస్కు ఉపరితలమే చెడడం ఇంకొకటి. పాస్‌బుక్కులో సర్వే నంబరు తప్పు పడితే దిద్దించుకోవచ్చు. ఏరు కోసుకుపోయిన పొలాన్ని ఏ పుస్తకంలో దిద్దితే తిరిగొస్తుంది? పని మధ్యలో కరెంటు పోయి లెక్క చెడితే స్లాష్ ఎఫ్ దాన్ని సరిచేస్తుంది. స్లాష్ ఆర్ ఆ పనితో పాటు డిస్కులో చిన్న గదుల్లాంటి సెక్టార్లన్నిటినీ చదివి చూస్తుంది. చదవగలిగినంత కాపాడి, చదవలేనిచోట (బ్యాడ్ సెక్టార్‌లో) ఇకపై ఏమీ రాయకుండా గుర్తు పెడుతుంది. అంతే, వైద్యం చేయదు. టిక్కుటిక్కుమంటున్న డిస్కును గంటల తరబడి ఇలా చదివించడమంటే దాని చావును తొందరపెట్టడమే. ముందు ముఖ్యమైన ఫైళ్లు వేరే డిస్కులోకి కాపీ చేయండి, పరీక్ష ఆ తర్వాతే.

“చెక్‌డిస్క్ ఫైళ్లను తినేస్తుంది” అనే భయంలో మాత్రం కొంత నిజముందని ఒప్పుకోవాలి. చెడిన డిస్కు మీద మరమ్మతు నడిపితే కొన్ని ఫైళ్లు పేర్లు పోగొట్టుకొని ‘ఫౌండ్’ ఫోల్డర్‌లో ముక్కలుగా తేలతాయి. ఏ స్లాష్ లేకుండా నడిపితే మాత్రం అది చూస్తుందే తప్ప దేన్నీ ముట్టుకోదు.

ఇంకొన్ని అపోహలూ ఉన్నాయి. చెక్‌డిస్క్ నడుస్తుండగా శాతం ఒకచోట ఆగితే హ్యాంగ్ అయినట్టు కాదు. పవర్ బటన్ నొక్కకండి. ఫైళ్ల ముక్కలను ఒకచోట పేర్చే డీఫ్రాగ్ కూడా బ్యాడ్ సెక్టార్లను బాగుచేయదు. ఎస్‌ఎస్‌డీకి ఈ పరీక్ష అక్కర్లేదనుకోకండి, అందులోనూ ఫైళ్ల లెక్క చెడుతుంది.

ఇంత చేసినవాళ్లు కూడా ఫలితం చదవరు. విండోస్ ఉన్న డ్రైవ్‌కు రీస్టార్ట్‌లో జరిగిన పరీక్ష నివేదిక తెర మీద నిలవదు, కానీ ఎక్కడికీ పోదు. ఈవెంట్ వ్యూయర్ తెరిచి విండోస్ లాగ్స్‌లో అప్లికేషన్‌కు వెళ్లండి. సోర్స్ ‘విన్‌ఇనిట్’, ఈవెంట్ ఐడీ 1001 ఉన్నదాన్ని చూడండి. విండోస్ నడుస్తుండగానే వేరే డ్రైవ్‌ను పరీక్షించి ఉంటే సోర్స్ ‘చెక్‌డిస్క్’ అని ఉంటుంది. ఆ నివేదికలో బ్యాడ్ సెక్టార్స్ వరుస వెతకండి. అక్కడ సున్నా కేబీ ఉంటే ఊపిరి పీల్చుకోవచ్చు. వేరే అంకె ఉంటే, మళ్లీ పరీక్షించినప్పుడు అది పెరిగితే, కదిరికో హిందూపురానికో వెళ్లి కొత్త డిస్కు తెచ్చుకోండి.

సెకండ్ హ్యాండ్ కంప్యూటర్ కొనేవాళ్లు డబ్బు చేతిలో పెట్టకముందే డిస్కు ఆరోగ్యం చూపే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో నడిపి చూపించమనండి. అందులో రీఅలొకేటెడ్ (చెడినందున వేరేచోటికి మార్చిన), పెండింగ్ (చెడినట్టు అనుమానమున్న) సెక్టార్లు సున్నా కాకపోతే వేరే డిస్కు వేసి ఇమ్మనండి.